నగదు ధర, ఉద్దెర ధర: దేశాల మధ్య సాయం లెక్క

వానాకాలం నాట్లు పడ్డాక నర్సంపేట వైపు ఎరువుల షాపుల ముందు కాసేపు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది. లింకు. యూరియా బస్తా మీద 266 రూపాయల 50 పైసలు అని అచ్చు వేసి ఉంటుంది. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగరు. కానీ రెండు బస్తాలు కావాలంటే పక్కన ఒక జింకు ప్యాకెట్టో, గుళికల సంచో, ఎప్పుడూ పేరు వినని టానిక్ సీసానో తీసుకోవాలి. చేతిలో పైసలు లేకున్నా పర్వాలేదు, పత్తి అమ్మినంక ఇవ్వొచ్చు. షావుకారు ఖాతా పుస్తకంలో రాసుకుని చిట్టీ చింపి ఇస్తాడు.

పోయినేడు మా చిన్నాయన అలాంటి చిట్టీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. యూరియా రెండు, డీఏపీ ఒకటి, పురుగుమందు ఒకటి, టానిక్ ఒకటి. వడ్డీ అన్న మాటే లేదు. "మిత్తి లేకుండా ఇచ్చిండురా, మంచోడు" అన్నాడు. ఆ పురుగుమందు నగదుకైతే ఎంతో హన్మకొండలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాను. చిట్టీలో రాసినదానికన్నా 180 రూపాయలు తక్కువ. షావుకారు మిత్తి వదులుకోలేదు, సీసా ధరలో కలిపేశాడు.

ఒక దేశం మరో దేశానికి రైలు మార్గమో, కరెంటు కేంద్రమో, ఓడరేవో కట్టుకోవడానికి "సాయం" చేసినప్పుడు పేపర్లో వచ్చే వార్త సాధారణంగా వడ్డీ దగ్గరే ఆగిపోతుంది. అర శాతం వడ్డీ, నలభై ఏళ్ల గడువు, ఎంత ఉదారమైన సాయమో అని. చిట్టీలో మిగతా వరుసలు ఎవరూ చదవరు. యంత్రం ఎవరి దగ్గర కొనాలి, ఏ రేటుకు కొనాలి, రేపు స్పేర్ పార్టు పోతే ఎవరి గడప తొక్కాలి? అసలు బేరమంతా ఆ వరుసల్లోనే ఉంటుంది.

ముందు ఈ సాయం ఎన్ని రకాలో తెలుసుకుందాం. తిరిగి కట్టనక్కర్లేనిది గ్రాంటు. తక్కువ వడ్డీకి, ఎక్కువ గడువుకు ఇచ్చేది రాయితీ రుణం. తన కంపెనీ సరుకు కొనే విదేశీ కొనుగోలుదారుకు ప్రభుత్వ బ్యాంకు నేరుగా ఇచ్చే అప్పు ఎగుమతి రుణం. కాగితం మీద మూడూ వేరు వేరు. "మా డబ్బుతో మా సరుకే కొనాలి" అన్న షరతు పడితే మాత్రం మూడింటికీ మధ్య గీత చెరిగిపోతుంది. అలా షరతు పెట్టిన సాయాన్ని ఈ వ్యాసంలో ముడిసాయం అంటాను.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా కథ అనుకోనక్కర్లేదు. రామగుండం వెళ్లి చూస్తే చాలు, ఒక్క ఊళ్లోనే దీని చరిత్ర మొత్తం కనిపిస్తుంది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి థర్మల్ కేంద్రం అమెరికా సాయంతో వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా సాయమంటే చాలావరకు అమెరికాలో కొన్న సరుకే. యాభై ఏళ్లకు పైగా ఆ ప్రాంతానికి గుర్తుగా నిలబడి, 2024లో అది మూతపడింది. 1978లో పునాది పడిన ఎన్టీపీసీ కేంద్రం దారి వేరు. దాని మొదటి దశకు ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. ప్రపంచ బ్యాంకు ఒక్క దేశానిది కాదు కాబట్టి, ఫలానా దేశంలోనే కొనాలని అనదు, అంతర్జాతీయ టెండరు పిలవమంటుంది. మొదటి మూడు 200 మెగావాట్ల యూనిట్ల యంత్రాలు ఇటలీకి చెందిన అన్సాల్డోవి. ఆ తర్వాతి 500 మెగావాట్ల యూనిట్లు మన ప్రభుత్వ యంత్రాల తయారీ సంస్థ బీహెచ్ఈఎల్‌వి. ప్రపంచ బ్యాంకు టెండర్లలో స్వదేశీ తయారీదారుకు 15 శాతం వరకు ధరలో మొగ్గు ఇచ్చే వెసులుబాటు కూడా ఉండేది.

మూడోది ఎరువుల ఫ్యాక్టరీ. బొగ్గుతో ఎరువు చేద్దామని కట్టిన పాత ఫ్యాక్టరీ 1999లో ఆగిపోయింది. దాని స్థానంలో గ్యాసుతో నడిచే కొత్త ఫ్యాక్టరీ ఆర్ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. అమ్మోనియా తయారీ పరిజ్ఞానం డెన్మార్క్ కంపెనీ హాల్డోర్ టాప్సోది. వాటాదారుల పట్టిక చూస్తే కేంద్ర సంస్థలు, తెలంగాణ ప్రభుత్వంతో పాటు 11.7 శాతం వాటా ఒక డెన్మార్క్ బృందం పేరు మీద ఉంటుంది. ఆ బృందంలో టాప్సో ఉంది, వర్ధమాన దేశాల్లో పెట్టుబడులు పెట్టడానికి డెన్మార్క్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిధి కూడా ఉంది. పరిజ్ఞానం అమ్మిన కంపెనీ పక్కనే ఆ దేశపు ప్రభుత్వ నిధి వాటా తీసుకుని నిలబడిందన్నమాట. ముడిసాయం కంటే ఇది మెరుగైన పద్ధతి అని నా అభిప్రాయం. ఫ్యాక్టరీ నడవకపోతే అమ్మినవాడూ నష్టపోతాడు. చిన్నాయన షావుకారు టానిక్ సీసా అమ్మి పక్కకు తప్పుకున్నాడు గానీ, పంటలో పొత్తు కలవలేదు.

ఇంకాస్త వెనక్కి పోతే బడిలో పెట్టిన ఉప్మా గుర్తొస్తుంది. మా ముందు తరం వాళ్లు "అమెరికా ఉప్మా, పొడిపాలు" అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో మన దేశానికి అమెరికా తిండిగింజలు చేరింది పీఎల్-480 అనే చట్టం కింద. 1954లో చేసిన ఆ చట్టం అసలు పేరులో "వ్యవసాయ వాణిజ్య అభివృద్ధి" అన్న మాట ముందు, "సహాయం" అన్న మాట తర్వాత వస్తాయి. దాచిందేమీ లేదు. అక్కడి గోదాముల్లో గోధుమలు పేరుకుపోయి రైతుకు ధర పడిపోతుంటే, ఆ మిగులును బయటికి పంపే దారి అది. పైగా అదే ఏడాది చేసిన మరో చట్టం ప్రకారం ప్రభుత్వ సాయం కింద వెళ్లే సరుకులో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే పోవాలి. అలా రైతుకూ, ఓడల కంపెనీకీ, ఆకలితో ఉన్న మనకూ ఒకేసారి గిట్టుబాటు అయింది. ఆ గింజలు ప్రాణాలు నిలబెట్టాయన్నదీ నిజమే. సాయంలో స్వార్థం ఉన్నంత మాత్రాన అది మోసమైపోదు.

ఇక లెక్క. ఈ విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒక దేశానికి కరెంటు యంత్రం కావాలి. బహిరంగ మార్కెట్లో దాని ధర 80 కోట్లు. "ఎక్కడైనా కొనుక్కో" అంటూ ఒక బ్యాంకు 7 శాతం వడ్డీకి అప్పిస్తానంది. ఇంకో దేశం ప్రభుత్వం 2 శాతానికే ఇస్తానంది, కానీ యంత్రం తమ కంపెనీ దగ్గరే కొనాలి. పోటీ లేదు కాబట్టి ఆ కంపెనీ 100 కోట్లు వేసింది. రెండూ పదేళ్ల అప్పులే. అసలు ఏటా సమానంగా తీర్చాలి, మిగిలినదాని మీద వడ్డీ కట్టాలి.

మొదటి దారిలో ఏటా 8 కోట్ల అసలు. పదేళ్ల వడ్డీ మొత్తం కలిపితే 30 కోట్ల 80 లక్షలు. అన్నీ కలిపి 110 కోట్ల 80 లక్షలు. రెండో దారిలో ఏటా 10 కోట్ల అసలు, పదేళ్ల వడ్డీ మొత్తం 11 కోట్లు, అన్నీ కలిపి 111 కోట్లు. 7 శాతం అప్పుకూ 2 శాతం అప్పుకూ చివర్లో తేడా 20 లక్షలు, అదీ "చౌక" అప్పుకే ఎక్కువ. మొదటి ఏళ్లలో కిస్తీ తేలిగ్గా ఉండటం ఒక్కటే రెండో దారిలో కలిసొచ్చేది. అప్పు తీరాక కూడా ఆ యంత్రం ఇంకో ఇరవై ఏళ్లు నడవాలి. బేరింగు దగ్గర నుంచి సాఫ్ట్‌వేర్ దాకా ఆ కంపెనీనే అడగాలి.

80 కోట్ల యంత్రం 100 కోట్లు కావడం, అంటే ఈ 25 శాతం పెంపు, నేను ఊరికే వేసిన అంకె కాదు. సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ కోసం 1991లో జరిగిన అధ్యయనం ముడిపెట్టిన సాయంలో సరుకుల ధర 15 నుంచి 30 శాతం దాకా ఎక్కువ పడుతోందని తేల్చింది. దీనికి డాలర్ భారం తోడవుతుంది. 1991లో పాతిక రూపాయల దగ్గర ఉన్న డాలర్ ఇప్పుడు 80 దాటి పోయింది. అప్పటి అప్పు ఇప్పుడు తీర్చాలంటే వడ్డీ ఎంత తక్కువైనా కిస్తీ రూపాయల్లో ఉబ్బిపోతుంది.

ధర ఎక్కువైనా సరుకు పనికొచ్చేదైతే సరిపెట్టుకోవచ్చు. అదీ ప్రతిసారీ జరగదు. 1980ల మధ్యలో బ్రిటన్ మనకు 6 కోట్ల 50 లక్షల పౌండ్ల సాయం ఇచ్చి, వెస్ట్‌లాండ్ కంపెనీ హెలికాప్టర్లు 21 కొనిపించింది. ఆ కంపెనీ అప్పటికే ఆర్థికంగా మునిగిపోయే స్థితిలో ఉంది. ఆర్డరు మనకంటే దానికే అవసరం. మన ప్రభుత్వ హెలికాప్టర్ల సంస్థ పవన్ హన్స్‌కు వచ్చిన ఆ హెలికాప్టర్లు ప్రమాదాల పాలై, 1991 నాటికి నేల మీదికి చేరాయి. చివరికి వాటన్నిటినీ కలిపి సుమారు 9 లక్షల పౌండ్లకు అమ్మేశారు. బ్రిటన్ ఖాతాలో మాత్రం అది భారత్‌కు చేసిన సాయంగానే లెక్కకెక్కింది.

మలేసియాలో పెర్గావ్ డ్యామ్ కట్టడానికి బ్రిటన్ చేసిన సాయం వ్యవహారం ఇంకా ఘోరం. ఆయుధాల కొనుగోలుతో ముడిపడిన ఆ సాయం చట్టవిరుద్ధమని 1994లో బ్రిటన్ కోర్టే తేల్చింది. 2001 నుంచి బ్రిటన్ తన సాయానికి ముడి పూర్తిగా తీసేసింది. ఓఈసీడీ దేశాలు కూడా అంతకు ముందే కొన్ని గీతలు గీసుకున్నాయి. మార్కెట్ అప్పుతో నడవగల ప్రాజెక్టుకు ముడిసాయం ఇవ్వకూడదు, ఇస్తే అందులో మార్కెట్ అప్పుతో పోలిస్తే కనీసం 35 శాతం నిజమైన రాయితీ ఉండాలి. ఆ సంఘంలో లేని చైనాకు ఈ గీతలు వర్తించవు. చైనా ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి, దిగుమతుల ప్రభుత్వ బ్యాంకు) రాయితీ రుణాల్లో కనీసం సగం సరుకు చైనాదే కావాలి.

జపాన్ కథ మనకు బాగా దగ్గరిది. జపాన్ తన మొట్టమొదటి యెన్ అప్పు 1958లో ఇచ్చింది మన దేశానికే. ఇప్పుడు మనకిచ్చే అప్పుల్లో చాలావాటికి కొనుగోలు షరతు ఉండదు. 2002లో తెచ్చిన స్టెప్ అనే పద్ధతిలో మాత్రం కనీసం 30 శాతం సరుకు, సేవలు జపాన్‌వి కావాలి. ఒకే పథకంలో రెండు రకాల డబ్బూ చూడాలంటే సరుకు రైళ్ల ప్రత్యేక కారిడార్లు చూడాలి. తూర్పు కారిడార్‌లో పెద్ద భాగం ప్రపంచ బ్యాంకు అప్పుతో, పడమటి కారిడార్ జపాన్ స్టెప్ అప్పుతో వచ్చాయి. పడమట పట్టాల పని పెద్ద కాంట్రాక్టు జపాన్‌కు చెందిన సోజిట్స్, మన ఎల్ అండ్ టీ కలిసి దక్కించుకున్నాయి. ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు అప్పుకు వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్లు అని 2017లో చెప్పినప్పుడు "ఉత్తపుణ్యానికి ఇస్తున్నారు" అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. షింకన్‌సెన్ అనే తన బుల్లెట్ రైలు పరిజ్ఞానానికి పెద్ద కొనుగోలుదారు దొరకడం జపాన్‌కు ఆ వడ్డీ కంటే విలువైనది.

ముడిసాయం చేసే ఇంకో పని ధర పట్టికలో కనిపించదు. ఏ ప్రాజెక్టు కట్టాలన్నదే అది మార్చేస్తుంది. వరంగల్ జిల్లాలో పుట్టినవాడిగా నాకు ఇది చెరువు దగ్గర అర్థమైంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా ఊరి చెరువులో పూడిక తీశారు. జేసీబీ, ట్రాక్టర్లు, డ్రైవర్లు, నల్లమట్టి తోలుకున్న రైతులు. అంతే. అందులో ఏ విదేశమూ అమ్మగలిగిన సరుకు ఏదీ లేదు. మట్టిని ఎవరూ ఎగుమతి చేయలేరు కాబట్టి, పూడికకు ముడిసాయం ఇచ్చే దేశం ఉండదు. పెద్ద పంపు, పెద్ద టర్బైను, సిగ్నలింగ్ వ్యవస్థ అంటే మాత్రం వరుస కడతారు. ఒక పేద దేశపు ఇంజినీరు ముందు రెండు ఫైళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి వంద చెరువుల మరమ్మతు, రెండోది ఒక భారీ ఎత్తిపోతల పథకం. రెండో ఫైలుకు అప్పు సిద్ధంగా ఉంటే ఏది ముందు కదులుతుందో వేరే చెప్పనక్కర్లేదు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1971 నుంచి పలు దఫాలుగా ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. ఆ అప్పుకు ఏ ఒక్క దేశపు యంత్రమూ ముడిపడి లేదు కాబట్టే మట్టి పనికీ, కాలువల లైనింగుకూ అది పనికొచ్చింది.

ఇప్పటిదాకా మనం చిట్టీ తీసుకునే వైపున్నాం. ఇరవై ఏళ్లుగా కౌంటరు అవతల కూడా కూర్చుంటున్నాం. మన ప్రభుత్వం ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆసియా, ఆఫ్రికా దేశాలకు ఇచ్చే అప్పులను లైన్ ఆఫ్ క్రెడిట్ అంటారు. నియమం సూటిగా ఉంటుంది. కాంట్రాక్టు భారతీయ కంపెనీకే, సరుకులు, సేవల్లో 75 శాతం భారత్ నుంచే. కట్టడాల పనులైతే కొన్నిసార్లు 65 శాతానికి తగ్గిస్తారు.

డబ్బు కదిలే తీరు చూస్తే విషయం ఇట్టే తెలిసిపోతుంది. టాంజానియా ప్రభుత్వం నీటి పథకానికి అప్పు తీసుకుందనుకుందాం. ఆ డబ్బు టాంజానియా ఖజానాకు చేరదు. పైపులు ఇక్కడి నుంచి ఓడ ఎక్కగానే కంపెనీ ఆ కాగితాలు ఇక్కడి బ్యాంకులో ఇస్తుంది, ఎగ్జిమ్ బ్యాంకు ఆ కంపెనీకి ఇక్కడే చెల్లిస్తుంది. అక్కడికి చేరేది పైపులు, అప్పు పద్దు. మామూలు వడ్డీకీ రాయితీ వడ్డీకీ మధ్య తేడాను మన కేంద్ర ప్రభుత్వం పూడుస్తుంది. అంటే మన పన్ను డబ్బు. ఎగుమతిదారుకు బాకీ మునిగిపోతుందన్న టెన్షన్ ఉండదు, ఆ భారం బ్యాంకు మీద, దాని వెనక ప్రభుత్వం మీద ఉంటుంది.

విక్టోరియా సరస్సు నీళ్లను టబోరా, ఇగుంగా, న్జేగా పట్టణాలకు తీసుకెళ్లే పథకం ఇలాంటిదే. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ అందులో పని చేసింది. మంగోలియా మొదటి చమురు శుద్ధి కర్మాగారంలోనూ భారత్ అప్పు, అదే కంపెనీ పని. యుద్ధంలో ధ్వంసమైన ఉత్తర శ్రీలంక రైలు మార్గాన్ని మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ మళ్లీ వేసింది. 2014 అక్టోబరులో జాఫ్నాకు రైలు తిరిగి వచ్చింది. 2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు బియ్యం, మందులు, యూరియా కొనుక్కోవడానికి మనమిచ్చింది కూడా ఇలాంటి అప్పే. బంగ్లాదేశ్‌లోని రాంపాల్ కరెంటు కేంద్రంలో ఎన్టీపీసీ భాగస్వామి, అప్పు మన ఎగ్జిమ్ బ్యాంకుది, యంత్రాలు బీహెచ్ఈఎల్‌వి. నాలుగు దశాబ్దాల కింద రామగుండంలో అప్పు కోసం ఎదురుచూసిన ఎన్టీపీసీయే ఇప్పుడు అవతలి ఒడ్డున నిలబడింది. గర్వపడాల్సిన విషయమే. అందుకే ఇంకాస్త గట్టిగా ప్రశ్నించాల్సిన విషయం కూడా.

మనమిచ్చిన అప్పులన్నీ సాఫీగా సాగలేదు. ఇథియోపియాలో చక్కెర ఫ్యాక్టరీలకు 2007లో 64 కోట్ల డాలర్లు ఇస్తే, టెండాహో ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. బంగ్లాదేశ్‌కు మూడు విడతల్లో 700 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించినా, ఖర్చయింది అందులో కొంత భాగమే. 75 శాతం సరుకు భారత్ నుంచే అన్న షరతు రోడ్డు పనిలో, మట్టి పనిలో ఎలా కుదురుతుందన్నది అక్కడి అధికారుల ఫిర్యాదు. ఒకప్పుడు మనం అవతలి వాళ్లకు చెప్పిన మాటే ఇది.

మరి ఉత్తర తెలంగాణకు ఇందులో ఏముంది? మిర్చి, పత్తి, గ్రానైట్ బయటి దేశాలకు పోతూనే ఉన్నాయి గానీ, వాటికి ఈ అప్పులతో సంబంధం లేదు. ఈ డబ్బు పెద్ద ఇంజినీరింగ్ కంపెనీల చుట్టూ తిరుగుతుంది. మనకు దక్కేది పని. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు ఏజెంటుకు లక్షలు కట్టి పోయే పిల్లల పక్కనే, మన కంపెనీ సైటుకు ఆఫ్రికా పోయిన వెల్డర్లు, సర్వేయర్లు, ఇంజినీర్లు ఉన్నారు. హసన్‌పర్తి దగ్గరి కుర్రాడొకడు ఫోన్‌లో పంపిన ఫొటో నా దగ్గర ఉంది. ఎర్రమట్టిలో తవ్విన కందకం, అందులో మనిషి ఎత్తు పైపు, దాని మీద తెల్ల అక్షరాల్లో "మేడ్ ఇన్ ఇండియా". "అన్నా, ఇక్కడి మట్టి కూడా మన చెల్కల లెక్కనే ఉంది" అని రాశాడు. కాజీపేటలో 2023లో శంకుస్థాపన జరిగిన రైల్వే తయారీ యూనిట్ రేపు మరో దారి తెరవొచ్చు. మొజాంబిక్‌కు మన అప్పు కింద 90 కోచ్‌లు, 6 డీజిల్ ఇంజన్లు ఇప్పటికే వెళ్లాయి. అలాంటి ఆర్డరు కాజీపేటకు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఆ ఆర్డరు వచ్చిన రోజు కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కనే ఉండాలన్నది నా పట్టు. ఆ కోచ్ బహిరంగ టెండరులో ఎంతకు దొరికేది, అప్పు కింద ఎంతకు ఇస్తున్నాం? మనం అప్పు తీసుకున్నప్పుడూ ఇదే అడగాలి, ఇచ్చినప్పుడూ ఇదే చూపాలి. ఇప్పుడు ప్రభుత్వ ప్రకటనల్లో మంజూరైన మొత్తం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది. ధరల పోలిక మాత్రం ఉండదు.

ఈ ఏడు చిన్నాయన మళ్లీ షాపుకు పోయాడు. నేనూ వెంట ఉన్నాను. చిట్టీ రాయబోతుంటే "ఒక్క నిమిషం సేటూ, ఇదే మందు నగదుకైతే ఎంత, ఉద్దెరకైతే ఎంత, రెండూ రాయి" అన్నాడు. షావుకారు పెన్ను ఆపి కాసేపు చూశాడు. తర్వాత రెండు వరుసల్లో రాశాడు. చిన్నాయన ఆ చిట్టీని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మందు తీసుకోకుండానే సొసైటీ వైపు నడిచాడు. అక్కడ యూరియా కోసం తెల్లవారుజామునే వచ్చినవాళ్లు వరుసలో పెట్టిన చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేశాయి. చిన్నాయన తన చెప్పులు విప్పి ఆ వరుస చివర పెట్టాడు.